బస్తీ వైపు హారన్

సౌండ్ లైన్‌లోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్లు ఇప్పటికీ భిలాయ్ పవర్ హౌస్ బజారులో నా పాత షాపు దగ్గర ఆగి, "సత్తి భయ్యా, ఏ మిక్సర్ కొనాలి?" అని అడుగుతుంటారు. ఏదైనా కొనుక్కోండి. ఇప్పుడు అన్నీ బాగానే వస్తున్నాయి. మేము పని నేర్చుకునే రోజుల్లో యాంప్లిఫయర్ వేడెక్కేదాకా గాయకులు స్టేజీ మీద వక్కపొడి నములుతూ కూర్చునేవారు. మీరేమో ఫోను చేతిలో పట్టుకుని, జనం మధ్య తిరుగుతూ గొంతులు సరిచేస్తున్నారు. మంచిదే. నాకు కాస్త అసూయగా కూడా ఉంటుంది.

అయితే మీరెవరూ అడగని సంగతి ఒకటుంది. ఈ పనిలో ఎదుటి మనిషి గొంతు మీ వేలి కింద ఉంటుంది. ఊరు ప్రశాంతంగా ఉన్నంతకాలం ఆ విషయం మీకు గుర్తు కూడా రాదు. మైకు కూత పెట్టకుండా చూసుకుంటే చాలు, మనల్నెవరూ పట్టించుకోరు. ఊళ్లో ఒకళ్ల మొహం ఒకళ్లు చూడని రోజులు వచ్చినప్పుడు మాత్రం అందరికంటే ముందు వెతుక్కుంటూ వచ్చేది మన దగ్గరికే. గాయకుడి దగ్గరికి వెళ్లి "పాడకు" అనడానికి జనానికి మొహమాటం. సౌండువాడి చెవిలో "కట్టెయ్" అనడానికి ఏ మొహమాటమూ ఉండదు.

పర్మిషన్ల గురించి, బిల్లుల గురించి రాయను. అవి పడుతూ లేస్తూ మీరే నేర్చుకుంటారు. నాకు నిద్రలో కూడా గుర్తుండే రెండు మూడు సంగతులు మాత్రం చెబుతాను.

మిత్రా దాదా విద్య

మా నాన్న విజయనగరం దగ్గరి ఊరినుంచి భిలాయ్ స్టీల్ ప్లాంటుకి, కోక్ ఓవెన్లలో పనికి వచ్చాడు. నాకు ప్లాంటులో ఉద్యోగం రాలేదు. రేడియోలు విప్పి బిగించే పిచ్చి ఉండేది కనక మిత్రా దాదా దగ్గర చేరాను. దాదా బెంగాలీ. భిలాయ్‌లో పెళ్లయినా, పూజ అయినా, యూనియన్ మీటింగయినా ఆయన స్పీకర్ డబ్బాలే మోగాలి. మూడు భాషల్లో తిట్టేవాడు. తెలుగు తిట్లు మాత్రం నా దగ్గర నేర్చుకున్నాడు, ఆ తర్వాత వాటిని నా మీదే వాడాడు.

మీకు తెలిసిందే అయినా, ఈ లైన్ కానివాళ్లు చదివితే అర్థం కావాలి కనక చెబుతున్నాను. స్టేజీ మీద పాడేవాళ్ల కాళ్ల దగ్గర ఒక డబ్బా ఉంటుంది. వాళ్ల గొంతు వాళ్లకి వినపడటానికి. దాన్ని మానిటర్ అంటాం. జనానికి వినపడే పెద్ద డబ్బాలు, దూరానికి వినపడేలా గెడలకి కట్టే గరాటు హారన్లు వేరు. రెండింటి మీటలూ వేరు. కాబట్టి జనం వైపు మొత్తం కట్టేసి మానిటర్ ఒక్కటీ వదిలేస్తే, పాడేవాడికి తన గొంతు గంటలా వినపడుతూనే ఉంటుంది. బయట ఎవరికీ ఒక్క ముక్క వినపడదు.

పెళ్లిలో పెళ్లికొడుకు బావగారు రెండు పెగ్గులు పడ్డాక "నేనూ ఒకటి పాడతా" అని స్టేజీ ఎక్కుతాడు చూడండి, అలాంటివాళ్ల కోసం దాదా కనిపెట్టిన విద్య అది. బావగారు కళ్లు మూసుకుని పాడుకుంటాడు. జనానికి కీబోర్డు ఒక్కటే వినపడుతుంది. ఆయన దిగివచ్చి "కైసా లగా?" అంటాడు. దాదా "వాహ్!" అంటాడు. అందరూ సుఖంగా భోజనాలకి వెళతారు. ఇందులో పాపం ఏమీ లేదు. నేనూ చేశాను, మీరూ చేస్తారు.

ఆ విద్యే ఇంకోలా వాడటం కూడా దాదా దగ్గరే చూశాను. గౌరయ్య అని శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన ముసలాయన ఉండేవాడు. జముకు వాయిస్తూ కథ చెప్పేవాడు. ఒకసారి ఒక సభలో, కాంట్రాక్టు పనిలో చచ్చిపోయిన కూలీల గురించి తనే కట్టిన కథ మొదలుపెట్టాడు. ముందు వరుసలో కూర్చున్న పెద్దమనిషికి అది నచ్చలేదు. నిర్వాహకుడు దాదాకి చేత్తో సైగ చేశాడు. దాదా మీట కిందికి లాగాడు. గౌరయ్య కథ పూర్తయ్యేదాకా చెప్పాడు. మైకు పాడైందనుకుని జనం పెద్దాయన మీద గౌరవంతో కదలకుండా కూర్చున్నారు.

ఆయన చెమట తుడుచుకుంటూ దిగివచ్చి నా భుజం పట్టుకున్నాడు. "సూసేవురా, ఒక్కడైనా కదిలేడా? ఊపిరి బిగబట్టి ఇన్నారు" అన్నాడు.

ఆ మొహంలో సంతోషం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. దాదా తనే వెళ్లి టీ తెచ్చి ఆయన చేతికిచ్చాడు గానీ ఆయన వైపు చూడలేకపోయాడు. సామాను సర్దుకుని వస్తుంటే రిక్షాలో అన్నాడు, "కట్టెయ్యాల్సి వస్తే కట్టెయ్ సత్తీ. కానీ వాడికి చెప్పి కట్టు. చెప్పకుండా కడితే దొంగతనం." ఆ తర్వాత ఆయన ఆ విద్యను తాగినవాళ్ల కోసమే ఉంచుకున్నాడు. గౌరయ్యకి ఎవరూ చివరిదాకా నిజం చెప్పలేదు. అది మంచికో చెడుకో నాకిప్పటికీ తెలియదు.

తొలేళ్ల పాట

ఇక అసలు సంగతి. దానికి ముందు మా అమ్మవారి పండగ గురించి చెప్పాలి.

ప్లాంటు కట్టే రోజుల్లో మన ఉత్తరాంధ్రవాళ్లు సెక్టర్ 7 వైపు ఒక గ్రౌండు పక్కన చిన్న గద్దె కట్టి అమ్మవారిని నిలబెట్టారు. పండగ ముందురోజు సాయంత్రం, మనం తొలేళ్లు అంటాం కదా, ఆ రోజు దీపం పెట్టబోతుంటే ఇక్కడి ఊరి మనిషి ఒకావిడ వచ్చిందట. ప్లాంటు కోసం ఖాళీ చేయించిన ఊళ్లలో ఆవిడది ఒకటి. "ఈ నేల మీద మా శీతలా మాత ఉంది. మీ దేవతని తెచ్చి పెట్టేముందు ఎవర్ని అడిగారు?" అంది. మనవాళ్లు తెల్లమొహాలు వేశారు. వాళ్లలో ఒక పెద్దాయన మాత్రం, "మాకు మీ భాష రాదమ్మా. మా తరఫున నువ్వే అడుగు" అన్నాడట. ఆవిడ అక్కడే నిలబడి శీతలా మాతకి పాట పాడింది. అది అయ్యాకే దీపం వెలిగించారు.

అప్పటినుంచి అదే ఆనవాయితీ. తొలేళ్ల రోజు మొదటి పాట ఇక్కడి మనిషిది. ఆ పాట కాకుండా దీపం లేదు, ప్రసాదం లేదు, కార్యక్రమం లేదు. పోనుపోను దాంట్లోకి ఇంకొకటి వచ్చి చేరింది. ఆ ఏడాది చనిపోయినవాళ్ల పేర్లు పాట చివర ఒక్కొక్కటే చెబుతారు. ప్లాంటులో పోయినవాళ్లు, జబ్బుచేసి పోయినవాళ్లు, మనవాళ్లు, గ్రౌండు వెనక బస్తీలో ఉండే ఇక్కడివాళ్లు అందరివీ. ఒక్కో పేరుకీ జనం "తల్లీ" అని జవాబు చెబుతారు. తల్లీ, నీ దగ్గర ఉంచుకో అని అర్థం. ఆ తర్వాత డోలక్ మీద ఒక్క దెబ్బ. మళ్లీ ఇంకో పేరు.

మొదట పాడినావిడ పోయాక ఆవిడ కూతురు దులారీ బాయి పాడుతోంది. దులారీ దీదీ అంటే భిలాయ్, దుర్గ్ చుట్టుపక్కల స్టేజీలన్నీ ఎరుగును. ఆవిడ పక్కన డోలక్ వాయించేది పైడిరాజు. చరోదా రైల్వే యార్డులో పనిచేసి రిటైరయ్యాడు. వాళ్లిద్దరూ ఇరవై ఏళ్లకు పైగా కలిసి వాయించారు. ఆవిడకి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే మనకి నవ్వొస్తుంది. ఆయన ఛత్తీస్‌గఢీ మాట్లాడితే ఆవిడకి నవ్వొస్తుంది. పాటలో మాత్రం ఒకరు ఊపిరి పీల్చుకోవడం రెండోవాళ్లకి ముందే తెలిసేది.

పేరు నినాదం అయినప్పుడు

నేను పని మానేయడానికి ముందు ఏడాది కాంట్రాక్టు పనుల మీద గొడవ లేచింది. ఒక కాంట్రాక్టరు శ్రీకాకుళం వైపునుంచి మనుషుల్ని తెచ్చి పెట్టుకున్నాడు. ఇక్కడి కుర్రాళ్లు, "మా నేల, మా పని, ముందు మాకివ్వాలి" అన్నారు. నన్నడిగితే వాళ్ల మాటలో న్యాయం ఉంది. ఇక్కడే పుట్టిపెరిగిన మన పిల్లలని కూడా బయటివాళ్లనే అనడంలో అన్యాయమూ ఉంది. రెండూ ఒకే నోటినుంచి వస్తుంటే ఎవరూ విడదీసి వినరు. ఒక రోజు ప్లాంటు గేటు దగ్గర తోపులాటలో ఖేమన్ అనే కుర్రాడికి తలమీద దెబ్బ తగిలింది. ఆసుపత్రిలో చనిపోయాడు. మన కుర్రాళ్లని కొందర్ని పట్టుకెళ్లారు. అందులో పైడిరాజు మేనల్లుడు ఉన్నాడు.

ఎవరి చెయ్యి తగిలిందో కోర్టు తేల్చాలి. కానీ బజారు ఆగుతుందా? "బయటివాళ్లు పోవాలి" అని ఊరేగింపులు. పవర్ హౌస్‌లో మనవాళ్ల షాపుల మీద రాళ్లు. మన కుర్రాళ్లు కర్రలు పట్టుకుని క్వార్టర్ల ముందు కూర్చోవడం. రోజూ ఒక ఆటో మైకు కట్టుకుని "ఖేమన్ అమర్ రహే" అంటూ తిరిగేది. ఆ పేరు వినపడగానే మన ఇళ్లల్లో కిటికీలు మూసుకునేవి.

ఆ ఆందోళన నాయకులు దులారీ దీదీ దగ్గరికి వెళ్లి, ఖేమన్ మీద పాట కట్టి ఊరేగింపులో పాడమన్నారు. ఆవిడ కట్టనంది. "నువ్వు మాలో మనిషివి కాదా?" అంటే, "మీలో మనిషినే. నా నోరు మాత్రం మీ ఆటో కాదు" అందట. దాంతో ఆవిడకి రావలసిన ప్రోగ్రాములు ఆగిపోయాయి. మనవైపునుంచి కూడా పిలుపులు లేవు, అటు మనిషి కదా. పైడిరాజు డోలక్‌కి గుడ్డ చుట్టి అటక మీద పెట్టేశాడు. కళాకారులు రాజకీయాల జోలికి పోకూడదని ఇప్పుడు ఫోన్లలో అందరూ నీతులు రాస్తున్నారు. వాళ్లు పోలేదండీ. రాజకీయమే వచ్చి వాళ్ల తలుపు కొట్టింది.

అలాంటి ఏడాది తొలేళ్లు వచ్చాయి.

పేర్లు ముందే దీదీకి నోటిమాటగా చెప్పడం అలవాటు. పండగ నాలుగు రోజులుందనగా ఆడవాళ్లు వెళ్లి "మా ఆయన పేరు చెప్పు దీదీ", "మా అత్త పేరు చెప్పు" అని చెప్పివస్తారు. ఆ ఏడు ఖేమన్ తల్లి బిసాహిన్ బాయి కూడా వెళ్లింది. గ్రౌండు వెనక బస్తీలోనే ఆవిడ ఇల్లు. దీదీయే ఆ సంగతి నాకు చెప్పింది.

బిసాహిన్ బాయి ఇలా అందట, "వాడు చిన్నప్పుడు మీ గ్రౌండుకి పులిహోర కోసం పరిగెత్తేవాడు. అందరితో కలిసి 'తల్లీ' అని అరిచి వచ్చేవాడు. అదేమిట్రా అంటే, చచ్చిపోయినవాళ్లకి జవాబు అమ్మా అనేవాడు. ఇప్పుడు వాడి పేరు రోజూ వీధిలో తిట్టులా అరుస్తున్నారు. ఒక్కసారి పేరులా వినాలని ఉంది. నేను అక్కడికి రాలేను. రానివ్వరు. ఇంట్లో కూర్చుంటాను. నాకు వినపడేలా చెప్పు."

దీదీ నన్నడిగింది ఒక్కటే. "సత్తి భయ్యా, బస్తీ వైపు హారన్ కడతావా?"

ప్రతి ఏడూ కట్టేవాణ్ణే. కడతానన్నాను.

మిక్సర్ దగ్గర

తొలేళ్ల సాయంత్రం ఎప్పటికంటే జనం తక్కువ. ముందు వరుసల్లో ముసలి ఆడవాళ్లు, వెనకాల కర్రల్లా నిలబడ్డ కుర్రాళ్లు. గ్రౌండు చివర పోలీసు జీపు. నేను వైర్లు చూసుకుంటుంటే పండగ కమిటీ సెక్రటరీ నూకరాజుగారు నా పక్కకి వచ్చాడు. పవర్ హౌస్‌లో బట్టల షాపు ఆయనది. రాళ్లు పడినవాటిలో అదీ ఒకటి. చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెబుతున్నాను, తర్వాత ఆయన్ని మీరు తిట్టుకోకుండా.

"సత్తిబాబూ, ఓ మాట" అన్నాడు మెల్లగా. "ఆవిడ్ని పాడనిద్దాం. ఆనవాయితీ తప్పకూడదు. గానీ పేర్లకాడికొచ్చేసరికి పబ్లిక్ వైపు కట్టీ. కింద డబ్బా ఒక్కటీ ఉంచీ."

నాకు గౌరయ్య గుర్తొచ్చాడు. 

"అమ్మోరు ఎదురుగానే ఉంది కదా" అన్నాడాయన. "అమ్మోరు వింతాది. జనం వినకపోతే ఏటి?"

ఆ మాట ఆయన కపటంతో అనలేదు. నిజంగానే నమ్మి అన్నాడు. దేవతకి మొక్కు చెల్లుతుంది, ఊళ్లో గొడవ రాదు, గాయనికి తెలియదు. ఇంతకంటే మంచి ఉపాయం ఉందా అన్నట్టు నావైపు చూశాడు. నాకు ఒళ్లు మండింది, అదే సమయంలో ఆయన మీద జాలీ వేసింది.

"బిసాహిన్ బాయికి వినపడదు కదండీ" అన్నాను.

"నా షాపు సూసేవా నువ్వు? అద్దాలింకా ఏయించలేదు. ఈ గొడవల మాహోల్‌లో ఆ పేరు మన మైకులో వొస్తే అటోళ్లు ఏటంతారో, ఇటోళ్లు ఏటి సేత్తారో నీకేటైనా తెలుసా?"

"తెలీదండీ." నాకు నిజంగానే తెలియదు. నాకూ భయంగానే ఉంది. "దీదీకి సెప్పి వొస్తాను. సెప్పకుండా మాత్రం కట్టను."

"సెప్తే పాడదు కదేటి!"

"పాడకపోతే దీపం లేదండి. అది మీరు సూసుకోండి."

స్టేజీ వెనకాల దీదీ చీర కొంగు సర్దుకుంటోంది. పైడిరాజు డోలక్ తాళ్లు బిగిస్తున్నాడు. చాలా నెలల తర్వాత ఇద్దరూ ఒక చోట కూర్చున్నారు. ఎవరి పని వాళ్లదే. నేను దాచకుండా చెప్పేశాను. దీదీ కాసేపు అమ్మవారి గద్దె వైపు చూసింది.

"మీ అమ్మవారికి మైకెందుకు భయ్యా?" అంది. "ఆవిడ చెవికి నా గొంతు చాలదా? మైకు బస్తీలో ఉన్న ఆ కన్నతల్లి కోసమే కదా." మళ్లీ నావైపు తిరిగి, "రాళ్లు పడితే ముందు నీ సామాను మీదే పడతాయి. నీకు ఎలా తోస్తే అలా చెయ్యి. చేసేది నాకు తెలిసేలా చెయ్యి, అంతే" అంది.

పైడిరాజు తలెత్తలేదు. తాడు లాగుతూ, "నన్నేటీ అడక్కు సత్తీ. నాకు ఏటీ తెల్దు" అన్నాడు. ఆ మనిషి మేనల్లుడు జైల్లో ఉన్నాడు. అక్క రోజూ ఏడుస్తోంది. ఆయన ఆ రోజు రావడమే గొప్ప అనుకున్నాను.

తిరిగి వచ్చి నూకరాజుగారికి చెప్పాను. "కట్టాలంటే మీ చేత్తో కట్టండి. ఇదిగో, ఇదే జనానికి వెళ్లే మీట. మీరు కిందికి లాగితే అందరూ సూత్తారు, దీదీ కూడా సూత్తాది. నేను పక్కకి జరుగుతాను." ఆయన నన్ను నమ్మలేనట్టు చూశాడు. వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. నా పక్కనే నిలబడి ఆ మీట మీద రెండు వేళ్లు పెట్టాడు.

పేర్లు

దీదీ పాట మొదలుపెట్టింది. శీతలా మాతను నేల కోసం, నీళ్ల కోసం, వచ్చినవాళ్ల కోసం అడిగే పాట. ఆ గొంతు గురించి వర్ణించడం నాకు చేతకాదు. ఇన్నేళ్లలో ఆ గొంతుకి నేనెప్పుడూ ఏమీ కలపలేదు, ఏమీ తీసెయ్యలేదు. అంతే చెప్పగలను. నెలల తరబడి పాడకపోవడం వల్ల మొదట్లో కాస్త బొంగురు పోయింది. పైడిరాజు డోలక్ మెత్తగా కింద నిలబడి దాన్ని మోసింది.

పేర్లు వచ్చాయి. ముందు బంగారమ్మగారు, గద్దె కట్టినప్పుడు ఇటుకలు మోసినావిడ. "తల్లీ" అన్నారు జనం. డోలక్ మీద ఒక దెబ్బ. తర్వాత ప్లాంటులో పనిచేసి రిటైరైన అప్పన్న. "తల్లీ." దెబ్బ. బస్తీలో పాలు పోసే మన్‌రాఖన్. "తల్లీ." దెబ్బ. నా కళ్లు నూకరాజుగారి వేళ్ల మీదే ఉన్నాయి.

అప్పుడు దీదీ, "ఖేమన్, బిసాహిన్ బాయి కొడుకు" అంది.

ఆటోలో అరిచే పేరు కాదది. ఇంట్లోంచి పిలిచినట్టు పలికింది. నూకరాజుగారి వేళ్లు మీట మీద బిగుసుకున్నాయి. లాగలేదు. పేరు పెద్ద డబ్బాల్లోంచి, హారన్లలోంచి బయటికి వెళ్లిపోయింది.

జవాబు రాలేదు.

నిశ్శబ్దాల్లో చాలా రకాలున్నాయి, ఈ పనిలో ఉంటే తెలుస్తాయి. ఇది వినపడక ఊరుకున్నది కాదు. అందరూ విని, అందరూ నోరు మూసుకున్నది. జనరేటర్ చప్పుడు ఒక్కటే. వెనక నిలబడ్డ కుర్రాళ్లు నేల చూస్తున్నారు. ముందు వరుసలో ముసలమ్మలు ఒకరినొకరు చూసుకుంటున్నారు. దీదీ తర్వాతి పేరుకి వెళ్లలేదు. వెళ్లిపోయి ఉంటే అక్కడితో అయిపోయేది. ఆవిడ ఆగి, ఇంకోసారి "ఖేమన్" అంది.  బస్తీలో గుమ్మం దగ్గర కూర్చున్న ఆ తల్లి చెవిలో ఈ నిశ్శబ్దం కూడా పడుతోందని నాకు తట్టింది. దానికంటే పేరు చెప్పకపోతేనే బాగుండేదనిపించింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నూకరాజుగారి మాటే సరైనదేమో అనుకున్నాను.

పైడిరాజు చెయ్యి డోలక్ పైన గాల్లో ఆగి ఉంది. జనం జవాబు చెబితే గాని ఆయన కొట్టడానికి లేదు. ఆ చేతిని మెల్లగా దించి డోలక్ మీద ఆనించాడు. ముందుకి వంగి "తల్లీ" అన్నాడు.

ఆయన దగ్గర పాడే మైకు లేదు. డోలక్ కోసం మోకాలి దగ్గర పెట్టిన చిన్న మైకు ఒక్కటే. దాన్ని నేనెప్పుడూ తక్కువలో ఉంచుతాను. ఆ మాట అందులో గుసగుసలా పడింది. స్టేజీ ముందున్నవాళ్లకి కూడా సరిగా వినపడి ఉండదు. నా హెడ్‌ఫోన్లలో మాత్రం వినపడింది.

నేను డోలక్ మైకు మీట పైకి నెట్టాను. నెట్టేముందు ఆలోచించలేదు. పైడిరాజుకి ఆ తేడా తెలిసింది, మానిటర్‌లో తన ఊపిరి తనకే వినపడి ఉంటుంది. తలెత్తి నావైపు చూశాడు. మళ్లీ వంగి, ఈసారి గట్టిగా, గొంతు పగిలిపోయేలా "తల్లీ!" అన్నాడు. అది గ్రౌండంతా, బస్తీ అంతా వెళ్లింది.

ముందు వరుసలో ఒక ముసలావిడ "తల్లీ" అంది. తర్వాత ఇంకో ఇద్దరు. తర్వాత ఆ వరుసంతా. కుర్రాళ్లలో కొందరన్నారు, కొందరు అనలేదు, ఇద్దరు ముగ్గురు విసురుగా బయటికి వెళ్లిపోయారు. పైడిరాజు డోలక్ మీద ఒక్క దెబ్బ కొట్టాడు. దీదీ తర్వాతి పేరు చెప్పింది. నూకరాజుగారు మీట మీదినుంచి చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి. నా కళ్లల్లోనూ ఉన్నాయి. దీపం వెలిగింది.

ఆ తర్వాత

ఊరు మారిపోయిందని రాస్తే మీరు నమ్మకండి. కేసు ఇంకా నడుస్తోంది. దులారీ దీదీని ఆవిడవైపు వాళ్లు చాలాకాలం దేనికీ పిలవలేదు. పైడిరాజుతో ఆయన అక్క మాట్లాడటం మానేసింది. ఆయన అన్న ఒక్క మాటతో తన కొడుకు తప్పు ఒప్పుకున్నట్టయిందని ఆవిడ బాధ. నాకు ఆ కమిటీ మళ్లీ పని ఇవ్వలేదు. నూకరాజుగారు ఎదురుపడితే నమస్కారం పెడతాడు, నేనూ పెడతాను. రాళ్లు మాత్రం పడలేదు. ఎందుకు పడలేదో నాకు తెలియదు, మా గొప్పేనని చెప్పుకోను.

నాకు చెప్పాల్సింది పండగ అయిపోయాక పొద్దున్న జరిగింది. బస్తీ మొదట్లో వెదురు గెడకి కట్టిన హారన్ విప్పుకురావడానికి వెళ్లాను. గెడకి ఎదురిల్లే బిసాహిన్ బాయిది. గుమ్మంలో గిన్నెలు తోముతోంది. నన్ను చూసి చేతులు కడుక్కుని వచ్చింది. నేను తలొంచుకుని తాడు విప్పుతున్నాను. ఏ మాట అంటుందోనని భయం.

ఆవిడ ఛత్తీస్‌గఢీలో మాట్లాడింది. తెలుగులో రాస్తున్నాను.

"విన్నాను భయ్యా. దులారీ వాడి పేరు బాగా పలికింది."

"అవునమ్మా."

"జవాబు చెప్పింది డోలక్ ఆయనే కదా? గొంతు గుర్తుపట్టాను. జైల్లో ఉన్న ఆ పిల్లాడికి మేనమామే కదా."

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. అవునన్నాను. ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంది.  ఆవిడకి ఏదో ఒక ఊరట దొరకాలని నా ఆత్రం. అందుకే అన్నాను, "ఆయనొక్కడే కాదమ్మా. తర్వాత అందరూ అన్నారు. ముసలమ్మలు, కుర్రాళ్లు. చాలామంది అన్నారు."

ఆవిడ నావైపు కాదు, నా చేతిలో ఉన్న హారన్ వైపు చూసింది.

"అన్నారంటే అని ఉంటారులే" అంది. "నాకైతే ఒక్కడి గొంతే వచ్చింది."

అప్పుడు నాకు అర్థమైంది. జనం దగ్గర మైకు లేదు. ఇన్నేళ్లూ నేను స్టేజీకే పెట్టాను, డోలక్‌కి పెట్టాను, అనౌన్సరుకి పెట్టాను. కింద కూర్చున్నవాళ్లకి మైకు పెట్టాలని ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. గ్రౌండులో ఉన్న నాకు అంతమంది గొంతులు వినిపించాయి. గ్రౌండు గోడ అవతల ఉన్న ఆవిడకి వాటిలో ఒక్కటీ చేరలేదు. మిగతా పేర్లకి వెంటనే పడిన డోలక్ దెబ్బ తన కొడుకు పేరుకి ఆగిపోయింది కనక, ఊరు ఊరంతా నోరు మూసుకుందనీ, ఎవరి మేనల్లుడి మీద కేసు ఉందో ఆ మనిషి ఒక్కడే జవాబు చెప్పాడనీ అనుకుంటూ ఆవిడ ఆ పండగ రెండు రోజులూ గడిపింది. నేను ఇప్పుడు ఎన్ని చెప్పినా అది నా మాటే. ఆవిడ విన్నది కాదు.

మిక్సర్ ఏది కొనాలని అడిగారు కదా. ఏదైనా కొనుక్కోండి. దాంట్లో ఒక మైకుకి చోటు మాత్రం ఖాళీగా ఉంచుకోండి. తొలేళ్లకే కాదు, పోయినవాళ్ల కోసం మనుషులు కూర్చునే ఏ సభకైనా సరే, ముందు వరుసలో ముసలమ్మలు కూర్చునే చోట, జనం వైపు తిప్పి ఒక మైకు పెట్టండి. కమిటీవాళ్లు ఎందుకని అడుగుతారు. కూత వస్తుందని మీ పక్కవాడే అంటాడు. అయినా పెట్టండి. బస్తీ వైపు హారన్ కట్టడం మర్చిపోకండి.